గడియ మీద మెరుపు

31 ఆగస్టు 2025, ఆదివారం

ఈరోజే రాయడం మొదలుపెట్టాలి. నా పెట్టెలో, చుడీదార్ల కింద, తుపాకి బోల్టు ఒకటి ఉంది. ఆ సంగతి ఈ హాస్టల్లో ఎవరికీ చెప్పకూడదు. చెప్పకుండా ఉండడం నాకు చేతకావడం లేదు. అందుకని ఇందులో చెబుతున్నాను. ఇది పాలిటెక్నిక్‌లో బహుమతిగా వచ్చిన డైరీ. ఇన్నాళ్ళూ దాచుకున్నాను. అచ్చు తేదీలు కొట్టేసి నావి వేసుకుంటున్నాను.

పొద్దున నాయన వచ్చాడు. పుత్తూరు నుంచి సత్యవేడు, సత్యవేడు నుంచి శ్రీ సిటీ, బస్సులు మారి. గేటు లోపలికి మగవాళ్ళను రానివ్వరు కాబట్టి ఎదురుగా టీ బంకు బల్ల మీద కూర్చున్నాం. క్యారియర్ చేతికిచ్చి, పైగిన్నెలో పులిహోర, అడుగు గిన్నెలో పులిహోర, నడిమి గిన్నె మాత్రం ఈడ తెరవాకు పాపా అన్నాడు. అంత మెల్లగా మాట్లాడే మనిషి కాదు.

నాయన పేరు కోదండం. పుత్తూరులో ఒక బ్యాంకు ముందు గన్‌మ్యాన్. పంప్ గన్ ఆయన సొంతం. చక్కెర ఫ్యాక్టరీలో కాపలా ఉన్నప్పుడు అక్కడి మేనేజరు లైసెన్సు ఇప్పించాడు. ఫ్యాక్టరీ మూతపడింది, గన్ను మిగిలింది. గార్డులను పెట్టే ఏజెన్సీవాళ్ళు ఆ గన్ను చూసే ఉద్యోగం ఇచ్చారు. చదువు అడగలేదు. నాయనకు సంతకం కూడా రాదు.

ఇప్పుడు ఆ గన్ను పంపు, అంటే తూటా ఎక్కించే పిడి, లాగితే సగంలో పట్టేస్తోంది. ఇరవై ఒకటో తేదీ ఏజెన్సీవాళ్ళు గార్డులందరినీ ఫైరింగ్ ప్రాక్టీసుకు తీసుకెళ్తారట. ఆఫీసర్ల ముందర గన్ను నడిమధ్యలో పట్టేస్తే నా మొగం యాడ పెట్టుకునేది అన్నాడు. చిత్తూరులో రాజారత్నం షాపు ఉంది, లైసెన్సున్న రిపేరు షాపు, అక్కడ ఇవ్వరాదా అన్నాను. ఇచ్చినాడు గదా గోవిందు అన్నాడు. గోవిందు నగరి బ్రాంచిలో గన్‌మ్యాన్. గన్ను షాపులో ఉన్నన్నాళ్ళూ ఇంట్లో కూర్చున్నాడు. గన్ను బాగుపడి వచ్చేసరికి కుర్చీలో ఇంకొకడున్నాడు. ఇప్పుడు కల్యాణమండపం ముందర స్కూటర్లకు విజిల్ ఊదతాండాడు, అది గూడా సొంత విజిల్ కాదు, అన్నాడు నాయన.

తర్వాత అన్నాడు, దినామూ నువ్వు చేసే పని ఇదే గదా పాపా, నున్నగా చేసేది. ఈ ఒక్కటి చెయ్యి, బోల్టు లేకున్నా గన్ను నా భుజాన ఉంటాది, కుర్చీ పోదు అని.

నేను కుళాయిల ఫ్యాక్టరీలో బఫింగ్ సెక్షన్‌లో, కుళాయిలకు మెరుపు తెచ్చేచోట, పని చేస్తాను. కుళాయి వేరు, తుపాకి వేరు అని చెప్పాల్సింది. కానీ మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేనే. ఆ చదువుతో చెయ్యగల పనిని నాయన నన్ను అడగడం ఇదే మొదటిసారి. సరే నాయనా అన్నాను.

1 సెప్టెంబరు, సోమవారం, ఉదయం

నాది బి షిఫ్ట్, మోనికది ఎ షిఫ్ట్. తను వెళ్ళాక రూము నాదే. తలుపు గొళ్ళెం పెట్టి పాత దినపత్రిక పరిచాను.

ఫ్యాక్టరీకి తీసుకెళ్తే గేటు దగ్గరే పట్టుకుంటారు. అంతా చేత్తోనే చెయ్యాలి. ఎమెరీ పేపరు, గుడ్డ, కిరోసిన్, పాలిష్ సబ్బు అని మేం పిలిచే పచ్చ కడ్డీ. బోల్టంటే ఏమిటో ఇవాళే సరిగ్గా చూశాను. తూటా వెనక మూసుకునే తలుపు. దాంట్లో ఒక చిన్న ముక్క పైకి లేచి, కిందికి దిగుతుంది. తలుపుకు గడియలాంటిది. దాని పేరు నాకు తెలియదు. గడియ అనే పిలుచుకుంటున్నాను.

నల్లటి మడ్డి, గీతలు, ఒక మూల తుప్పు. ఎవరో ఎప్పుడో ఆకురాయితో గోకినట్టున్నారు. చూస్తే జాలేసింది.

3 సెప్టెంబరు, బుధవారం

మొహం కనిపించింది. నాదే.

4 సెప్టెంబరు, గురువారం

గది అంతా ఏం మే ఈ కంపు, స్టవ్వు గాని దాచిపెట్టినావా అని మోనిక అడిగింది. చెప్పులకు పాలిష్ వేశానన్నాను. తను నా చెప్పులు చూసింది. రబ్బరు చెప్పులు. ఇంకేమీ అడగలేదు, ఫోను తీసుకుని మెట్ల మీదికి వెళ్ళిపోయింది. తనది నాయుడుపేట. పెళ్ళి కుదిరింది. రోజూ ఆ మెట్ల మీదే కూర్చుని అతనితో మాట్లాడుతుంది. అన్నం తిన్నావా అన్న మాటనే ఎన్ని రకాలుగా అడగవచ్చో తనను చూసి తెలుసుకున్నాను.

నాకొచ్చేది ఒకే ఫోను. సాయంత్రం బ్యాంకు మూశాక నాయన ఇచ్చే మిస్డ్ కాల్. బాగుండాను, డ్యూటీ అయిపోయింది అని దానర్థం. నేను ఎత్తకూడదు. నేను తిరిగి ఒకటి ఇవ్వాలి. పాలిటెక్నిక్ హాస్టల్లో ఉన్నప్పటి అలవాటు. ఇప్పుడు ఎంత మాట్లాడినా ఒకటే రీచార్జి. అయినా నాయన మానలేదు, నేనూ మానలేదు.

బోల్టు ఇంకా బాగా రావాలి. గడియ ముక్క మూలలు చేతికి కోసుకుంటున్నాయి. వాటిని కూడా గుండ్రంగా తీస్తాను.

7 సెప్టెంబరు, ఆదివారం

నాయన వచ్చి తీసుకెళ్ళాడు. టీ బంకు దగ్గర గుడ్డ కొంచెం విప్పి, మూసేసి, మళ్ళీ విప్పి చూశాడు. యాడికి పాయ ఆ పాత ముక్క, దీన్ని అంగట్లో కొనుక్కొచ్చినావా ఏం అన్నాడు. దీంట్లో నా మీసం కనిపిస్తాండాది సూడు అన్నాడు. టీ బంకామె ఏందప్పా అంత సంబరం అని అడిగితే, మా పాప పని నేర్చింది అని మాత్రం చెప్పాడు.

రాత్రికి గ్రహణం ఉండాది, పొద్దుండంగానే ఇల్లు చేరమనింది మీ అమ్మ అని గబగబా బస్సెక్కాడు. కిటికీలోంచి క్యారియర్ ఎత్తి చూపించాడు.

రూముకొచ్చాక ఈరోజంతా ఎవరితోనైనా మాట్లాడాలనిపించింది. ఇస్త్రీ చేశాను.

8 సెప్టెంబరు, సోమవారం

ఇవాళ మిస్డ్ కాల్ కాదు, ఆగకుండా మోగింది. ఎత్తాను. గన్నులో బోల్టు ఎక్కించాడట. పంపు లాగితే వెన్నలో వేలు పెట్టినట్టు పోతాండాది అన్నాడు. గన్ను మూతి ఆకాశానికి ఎత్తితే సాలు పాపా, లాగే పని గూడా లేదు, మూసిన తలుపు దానంతట అదే తెరుసుకుంటాండాది అన్నాడు. రాజారత్నానికి గూడా రాదు ఈ పని అన్నాడు.

ఫ్యాక్టరీ లైన్‌లో నిలబడి నవ్వుతుంటే పక్కనమ్మాయి ఏంటి ఉదయా, పెళ్ళి కుదిరిందా అని అడిగింది.

10 సెప్టెంబరు, బుధవారం, షిఫ్ట్ మధ్యలో, క్యాంటీన్

త్వరగా రాయాలి.

ఇవాళ ఒక లాట్ వెనక్కి వచ్చింది. కుళాయిలు కారుతున్నాయని కస్టమర్ పంపేశాడు. సూపర్‌వైజర్ యువరాజ్ సార్ ఒక్కొక్కటే విప్పి బల్ల మీద పెట్టించాడు. లోపల వాల్వు కూర్చునే సీటు మెరుస్తోంది. కొత్తగా చేరిన అమ్మాయిలు సీటుకు రబ్బరు టోపీ తొడగకుండా బఫింగ్ చక్రానికి పెట్టేశారు. ఏంమా, మిమ్మల్ని దానికి మేకప్ వేయమన్నారా, నీళ్ళు ఆపమన్నారా అని యువరాజ్ సార్ అరిచాడు. కంటికి కనపడేది మెరిపించండి, కూసునేదాన్ని ముట్టుకోవద్దండి అని ఎన్ని తూర్లు సెప్పేది అన్నాడు. నన్ను పిలిచి, ఉదయా, నువ్వు సెప్పు వీళ్ళకు, టోపీ ఎందుకో అన్నాడు.

చెప్పడం మొదలుపెట్టాను. సీటు అంచు ఎంత పదునుగా ఉంటే అంత బాగా పట్టుకుంటుంది, పాలిష్ చేస్తే అంచు గుండ్రమైపోతుంది, గుండ్రమైన అంచు దేన్నీ పట్టుకోదు, అందుకే ముందు టోపీ తొడగాలి. ఈ మాటలు నాకు నిద్రలో కూడా వస్తాయి. దేన్నీ పట్టుకోదు అన్నచోట చేతిలో కుళాయిని బల్ల మీద పెట్టేశాను.

ఆ గడియకు నేను టోపీ తొడగలేదు.

చేతికి కోసుకుంటున్న ఆ మూలలే దాని పని. తూటా పేలినప్పుడు తలుపు వెనక్కి రాకుండా ఆ మూలలు పట్టుకోవాలి. నేను వాటిని వేలితో తడిమి తడిమి, ఎక్కడా తగలకుండా చేశాను. మొహం కనిపించేదాకా చేశాను. కుళాయి కారితే నీళ్ళు పోతాయి. తుపాకి తలుపు వెనక ఉండేది నాయన మొహం.

సోమవారం నాయన చెప్పాడు, మూసిన తలుపు దానంతట అదే తెరుచుకుంటోందని. అది నునుపు కాదు. గడియ పడడం లేదు. చెప్పినవాడు సంతోషంగా చెప్పాడు, విన్నదాన్ని నేనూ సంతోషంగానే విన్నాను.

యువరాజ్ సార్ ఏమయిందిమా అన్నాడు. కడుపునొప్పి అన్నాను.

11 సెప్టెంబరు, గురువారం

పొద్దున ఫోన్ చేశాను. అంతా చెప్పాను. నాయన నవ్వాడు. నీ చేత్తో చేసింది చెడిపోతుందా అన్నాడు. గన్ను కాల్చొద్దు, రాజారత్నం షాపుకు తీసుకెళ్ళు అన్నాను. ఆ కుర్చీ మీద కన్నేసినోళ్ళు ఎంతమంది ఉండారో నీకేం తెలుసు అన్నాడు. ప్రాక్టీసులో నీ గన్నే ఫస్టు అని గోవిందుకు గూడా సెప్పేసినాను అన్నాడు. ఏదైనా అయి చెయ్యి విరిగితే అంటే, విరిగితే ఏమి, పుత్తూరు కట్టు కట్టేది మన ఊర్లోనే గదా, లోకమంతా బస్సులెక్కి వస్తాండారు, నేను నడిచి పోతాను అన్నాడు.

చేతికి కట్టు కడతారు. మొహానికి ఎవరు కడతారు నాయనా అని అడిగాను. అప్పటికే పెట్టేశాడు.

13 సెప్టెంబరు, శనివారం, పుత్తూరు

రెండో శనివారం, బ్యాంకుకు సెలవు. లీవు పెట్టి ఇంటికి వచ్చాను.

అమ్మ మగ్గాల షెడ్డు నుంచి దూది అంటిన జుట్టుతోనే వచ్చి, చిక్కిపోయినావు మే అంది. మీ నాయన ఇరుగూపొరుగూ అందరికీ మా పాప ఇంజనీరు అని సెప్పి సెప్పి నోరు నొప్పి పుట్టించుకున్నాడు అంది. దేనికని అడిగితే సెప్పడు, నవ్వతాడు అంది.

మధ్యాహ్నం నాయన గన్ను తీశాడు. లోపల తూటా లేదని నేను మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను. మూసి, మూతి పైకెత్తమన్నాను. తలుపు తెరుచుకుంది. ఇది ప్రమాదం నాయనా అన్నాను. ఇది నునుపు అన్నాడు. బోల్టు విప్పించి గడియ మూల చూపించాను. ఇక్కడ పదును ఉండేది, లేదు అన్నాను. ఉన్నెప్పుడు నాకు కనపడలేదు, లేనెప్పుడు యాడ కనపడతాది అన్నాడు. చదువుకున్నోళ్ళకు అనుమానం జాస్తి అన్నాడు. నువ్వు పరీచ్చ రాసిన ప్రతిసారీ ఫెయిలైపోతాను నాయనా అని ఏడిస్తివి, ఒకసారన్నా అయినావా అన్నాడు.

ఎప్పుడూ ఫెయిల్ కాలేదు. నా మాట నమ్మడం లేదని కోపం తెచ్చుకోవడానికి కూడా లేదు. నన్ను ఎక్కువ నమ్మాడు కాబట్టే నా మాట నమ్మడం లేదు.

భోజనం దగ్గర చాలా మాట్లాడాడు. బ్యాంకులో జనం గన్ను చూసి, ఇంత పెద్ద గన్ను పట్టుకున్నోడికి చలానా రాయడం రాదా అనుకుని తన దగ్గరికే వస్తారట. ఇన్నేళ్ళూ కళ్ళజోడు మర్చిపోయినాను అని చెప్పేవాడట. ఈ వారం ఒకాయనకు, నాకు రాదప్పా, నా కూతురుకొచ్చు అని చెప్పాడట.

అమ్మ నవ్వింది. నేను నీళ్ళు తాగాను.

14 సెప్టెంబరు, ఆదివారం, బస్సులో

దొంగతనం చేశాను. అమ్మ కుళాయి దగ్గర ఉన్నప్పుడు, నాయన పాల కోసం వెళ్ళినప్పుడు. గడియ ముక్క ఒక్కటే తీసి మిగతావన్నీ మళ్ళీ బిగించాను. నా టిఫిన్ డబ్బాలో, దోసెల కింద, గుడ్డలో ఉంది. అది లేకుండా ఆ గన్ను పేలదు. ఇప్పుడది కట్టె.

నాయన బస్టాండు దాకా వచ్చి కిటికీ సీటు పట్టిచ్చాడు. ప్రాక్టీసు అయిపోనీ, ఫోను చేసి సెప్తాను, భయపడాకు అన్నాడు.

15 సెప్టెంబరు, సోమవారం

బ్యాంకు మూసే వేళ దాటింది. మిస్డ్ కాల్ రాలేదు. నేనే ఒకటి ఇచ్చాను. తిరిగి రాలేదు.

తర్వాత అమ్మ చేసింది. ఏం చేసినావే తల్లీ అంది. పొద్దున గన్ను తుడస్తా తుడస్తా ఆగిపోయినాడు, బోల్టు తీసి చూసినాడు, మళ్ళా పెట్టినాడు, కాపీ గూడా తాగకుండా అదే గన్ను భుజానికేసుకుని డ్యూటీకి పాయ అంది. ఏమైందంటే, నీ కూతురు నన్ను కట్టె పట్టుకుని కూసోబెట్టింది అన్నాడట.

16 సెప్టెంబరు, మంగళవారం

వచ్చే ఆదివారం సెలవును ఇవాళ్టికి మార్చుకుని పొద్దున్నే చిత్తూరు వెళ్ళాను. రాజారత్నం షాపు చిన్నది, ఇనుప కటకటాల తలుపు. ఆయన ముక్కను ముట్టుకోలేదు. నా అరచేతిలోనే పెట్టుకోమని, భూతద్దం దగ్గరికి తెచ్చి చూశాడు. ఏమ్మా, గన్ను యాడ, లైసెన్సు యాడ, ఆసామి యాడ అన్నాడు. ఊడిన పన్ను తెచ్చి, దీనికి మనిషిని కట్టీమంటే ఎట్ల అన్నాడు. తర్వాత, మెరుపు బాగా తెచ్చినావు, నా షాపులో ఎవురికీ రాదు ఈ మెరుపు, దీన్ని ఇంక ముక్కుపుడకలో పెట్టుకో అన్నాడు.

ఇంకా మెరిపించినా, గోకినా పోయిన మూల రాదట. కొత్త ముక్క తెప్పించాలట. అది నా చేతిలో పెట్టడట. లైసెన్సున్న మనిషే గన్ను తీసుకుని రావాలి, అది చట్టం అన్నాడు. శనివారం లోపల వస్తే గన్ను రిపేరులో ఉందని రసీదు ఇస్తాడు, అది చూపిస్తే ప్రాక్టీసుకు పిలవరు. శనివారం దాటితే తను ఊళ్ళో ఉండడు.

కుర్చీ నిలుస్తుందా అని అడిగాను. నేను గన్నులు బాగుచేస్తాను, కుర్చీలు కాదు అన్నాడు. గోవిందు కూర్చున్నది కూడా ఇదే బల్ల మీద కాబోలు. ముక్కను డబ్బాలో పెట్టుకో, దోవలో ఎవురికీ సూపీకు అని మాత్రం రెండోసారి కూడా చెప్పాడు.

సాయంత్రం మోనిక డబ్బా కడగబోయి, లోపల ఇదేంటి ఉదయా అని అడిగింది. గడియ అన్నాను. ఏ తలుపుది అంది. మా ఇంటిది అన్నాను. మరి మీ ఇల్లు తెరిచే ఉందా అంది. తనతో చెప్పేద్దామనుకున్నాను. ఫోన్ మోగింది, అన్నం తిన్నావా అంటూ మెట్ల మీదికి వెళ్ళిపోయింది.

17 సెప్టెంబరు, బుధవారం

ఇవాళ కూడా మిస్డ్ కాల్ రాలేదు.

18 సెప్టెంబరు, గురువారం

నాయనకు చదవడం రాదు. వాయిస్ మెసేజ్ పంపాలి. మాట్లాడబోతే ఏడుపు వస్తోంది. ముందు ఇక్కడ రాసుకుని, చూసి చదువుతాను.

నాయనా, నేనే. ముక్క నా కాడ పదిలంగా ఉండాది. నువ్వు నన్ను ఇంజనీరు అన్నావు గదా, ఇంజనీరు సెప్తాండాది, కొత్త ముక్క ఏసేదాకా ఆ గన్ను కాల్చాకు. కుర్చీ పోతే పోనీ అని అనను, అది నీది. నువ్వు అనాల. నేను శనివారం పొద్దున చిత్తూరులో రాజారత్నం షాపు ముందర నిలబడి ఉంటాను. నువ్వు గన్నూ లైసెన్సూ తీసుకుని రా. తిట్టాలంటే ఆడ తిట్టు. వస్తానంటే, రేపు శుక్రవారం, పంతొమ్మిదో తేదీ, బ్యాంకు మూసేలోపల ఒక్క మిస్డ్ కాల్ ఇయ్యి. ఎత్తనులే.